నవజీవన్ ఎక్కే చేప

సూరత్‌లో లింబాయత్, ఉధనా వైపు వెళ్తే వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. మగ్గాల పనికని తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. అహ్మదాబాద్ నుంచి చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వాళ్లకు ఇంటి బండి. సూరత్‌లో ఎక్కితే మహారాష్ట్ర దాటించి వరంగల్‌లో దింపుతుంది. ఎప్పటికైనా సొంతూరికి మకాం మార్చే ఇంట్లో సామానంతా సర్దాక మిగిలేది హాల్లోని చేపల తొట్టి. పాల్‌లోని జగదీశ్‌చంద్ర బోస్ అక్వేరియం చూసొచ్చి, పట్టుబట్టి కొనిపించుకున్న పిల్లలు దాన్ని వదిలి కదలరు.

గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీ అయితే బెంగ లేదు. వన్యప్రాణి చట్టం వాటి జోలికి రాదు. ముందురోజే మేత ఆపాలి. తిన్న చేప సంచిలోనే విసర్జిస్తే నీళ్లలో అమ్మోనియా పెరిగి దాని ప్రాణం మీదికే వస్తుంది. పాలిథిన్ సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతా అంతా ఆక్సిజన్. రబ్బరు బ్యాండ్లు బిగించి థర్మాకోల్ డబ్బాలో పెడితే సరి.

చిక్కంతా ఆసియా అరోవానాతో. బంగారు, ఎరుపు పొలుసుల ఈ చేప ఇంటికి కలిసొస్తుందని నమ్మి లక్షలు పోసేవాళ్లున్నారు. అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో ఇది మొదటి అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇలాంటి జీవులను నాలుగో షెడ్యూల్‌లో చేర్చింది. అమెజాన్ అరపైమా కూడా అందులోనే ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం వీటిని పెంచేవారు పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా తమ రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర నమోదు చేసుకోవాలి. కొత్తగా తెచ్చుకుంటే 30 రోజులే గడువు. కాబట్టి రాష్ట్రం మారేవాళ్లు బయల్దేరే ముందు గుజరాత్ అటవీ శాఖను, చేరాక తెలంగాణ అటవీ శాఖను అడగడం మంచిది. సక్రమంగా కొన్న అరోవానాకు చర్మం కింద చిప్, చేతికి సర్టిఫికెట్ ఉంటాయి. రెండూ లేని చేప చవగ్గా దొరికినా కొనకూడదు. ఇక సముద్ర గుర్రాన్ని ఇంట్లో ఉంచుకునే మాటే లేదు, అది మొదటి షెడ్యూల్ జీవి.

చేప పరాయి నీళ్లలోకి చేరడం ఎందుకు ప్రమాదమో మన కొర్రమీను కథ చెబుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప అదే. అమెరికా మాత్రం 2002లో ఆ జాతి మొత్తాన్నీ హానికర జీవుల జాబితాలో పెట్టి, ప్రాణంతో దిగుమతి చేసుకోవడాన్ని నిషేధించింది. ఇక్కడి చెరువులో ఇమిడిపోయిన చేప అక్కడి నదిలో మిగతా చేపలను మింగేస్తుందని వాళ్ల భయం.

ఆ బాధ మనకూ కొత్త కాదు. తొట్టి గోడల పాచి తింటుందని అమ్మే సక్కర్ ఫిష్ ఎవరి ఇంటి నుంచో బయటపడి ఆంధ్ర చెరువుల్లోకి చేరింది. రైతులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. ఒంటి మీది గట్టి పలకలు వలలను చింపుతాయి, మేత దానికే పోతుంది. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో అమెరికా అలిగేటర్ గార్ దొరికింది. అదీ ఎవరో వదిలిందే అయ్యుండాలి.

అందుకే ఊరు వదిలే రోజున చేపను వదిలేద్దామని బకెట్‌తో తాపీ నది ఒడ్డుకు వెళ్లడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. తీసుకెళ్లలేని చేపను కొన్న దుకాణానికో, తొట్టి ఉన్న పొరుగింటికో ఇవ్వాలి. నమోదైనదైతే కాగితాలూ దానితో వెళ్లాలి. తొట్టి కడిగిన నీళ్లు డాబా మీది కుండీల్లో పోయాలి, కాలువలో కాదు. నత్త గుడ్లు, నాచు ముక్కలు ఆ నీళ్లతోనే ప్రయాణం కడతాయి.