ఏయూఆర్ ప్యాకేజీలు: యాన్సిబుల్‌కు ఏ పని అప్పగించాలి?

ఆర్చ్ లినక్స్ అధికారిక రిపాజిటరీల్లో దొరకని సాఫ్ట్‌వేర్ కోసం వాడుకరులు ఏయూఆర్‌ను (ఆర్చ్ యూజర్ రిపాజిటరీని) ఆశ్రయిస్తారు. అక్కడ ఉండేది తయారైన ప్రోగ్రామ్ కాదు, పీకేజీబిల్డ్ అనే బాష్ స్క్రిప్టు. సోర్సును ఎక్కడి నుంచి దించాలి, దాని చెక్‌సమ్ ఏమిటి, ఎలా కంపైల్ చేయాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. దాన్ని రాసేది మనలాంటి వాడుకరే.

ఒక్క కంప్యూటరైతే చేత్తోనే చేసుకోవచ్చు. ల్యాబు నిండా ఉంటే యాన్సిబుల్ కావాలి. యంత్రం ఎలా ఉండాలో ప్లేబుక్ అనే యామిల్ ఫైల్లో రాసిస్తే, అది ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఒక్కోదానిలోకీ వెళ్లి లోటున్నంత మేరకే పూరిస్తుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. ప్యాకేజీని తయారుచేసే మేక్‌పీకేజీ రూట్‌గా నడవడానికి ఒప్పుకోదు. పీకేజీబిల్డ్‌లో ఎవరు ఏ ఆదేశం రాసినా అమలైపోతుంది కనుక ఆ జాగ్రత్త సబబే. అందుకని చాలామంది ప్లేబుక్‌లో వేరే యూజర్‌ను సృష్టించి, ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ప్యాక్‌మ్యాన్ ఒక్కటే పాస్‌వర్డ్ అడగకుండా నడిపేలా సుడో అనుమతి ఇస్తారు. ఇది చిన్న అనుమతిలా కనిపిస్తుంది, కానీ కాదు. ప్యాకేజీతో వచ్చే ఇన్‌స్టాల్ స్క్రిప్టును ప్యాక్‌మ్యాన్ రూట్ అధికారంతోనే నడుపుతుంది. వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టే.

ఈ భయం ఊహ కాదు. 2018 జులైలో, నిర్వాహకులు వదిలేసిన అక్రోరీడ్ ప్యాకేజీని ఒకరు చేపట్టి, బయటి నుంచి స్క్రిప్టు దించి నడిపే ఆదేశాన్ని అందులో చేర్చారు. 2025 జులైలో ఫైర్‌ఫాక్స్, లిబ్రెవుల్ఫ్ పేర్లు తగిలించుకున్న ప్యాకేజీల్లో కంప్యూటరును దూరం నుంచి నడిపించే మాల్వేర్ బయటపడింది. ‘ఎప్పుడూ తాజా వెర్షనే తెచ్చుకో’ అని రాసిన ప్లేబుక్ ఇలాంటివాటిని కూడా శ్రద్ధగా అన్ని యంత్రాలకూ పంచిపెడుతుంది.

2015 నుంచి ఏయూఆర్‌లో ప్రతి ప్యాకేజీకీ సొంత గిట్ రిపాజిటరీ ఉంది. మనకు దారి చూపేది అదే. చదివి సరేననుకున్న కమిట్ హ్యాష్‌నే యాన్సిబుల్ గిట్ మాడ్యూల్‌లో వెర్షన్‌గా రాయండి. ఒకే యంత్రంలో, శుభ్రమైన క్రూట్‌లో (మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన చోట) ప్యాకేజీని తయారుచేసి సొంత రిపాజిటరీలో పెట్టండి. మిగతావి అక్కడి నుంచి ప్యాక్‌మ్యాన్‌తో తెచ్చుకుంటాయి, వాటిలో ఆ ప్రత్యేక యూజర్ అవసరమే ఉండదు. పేరు చివర ‘గిట్’ ఉన్న ప్యాకేజీలతో మాత్రం జాగ్రత్త. హ్యాష్ కట్టేసినా అవి సాధారణంగా ఆ రోజు సోర్సునే దించుకుంటాయి.

హ్యాష్ మార్చేముందు పాతదానికీ కొత్తదానికీ గిట్ డిఫ్ తీసి చదవండి. మామూలు అప్‌డేట్‌లో ఎక్కువగా మారేవి వెర్షన్ నంబరు, చెక్‌సమ్. సోర్సు చిరునామా మారినా, కొత్తగా ఇన్‌స్టాల్ ఫైలు చేరినా, కారణం తెలిసేదాకా ప్లేబుక్ నడపకండి.