ఇన్వర్టర్‌లో ఆ నాలుగు కాళ్ల చిన్న ముక్క

అన్నా, చాకీ ఇంట్లో 80–90 శాతం తేమ పెడతాం. నేలా తడే, చేతులూ తడే. బ్యాటరీ కూడా ఆ పక్కనే ఉంటుంది కదా, అందుకే ఈ సంగతి.

బరువు తక్కువుండే ఇన్వర్టర్లు 12 వోల్టుల బ్యాటరీ కరెంటును ముందు 300 వోల్టులు దాటించి, తర్వాత 230 చేస్తాయి. ఫ్యాను ఆపితే ఆ వోల్టేజీ ఎగురుతుంది, హ్యూమిడిఫయర్ వేస్తే దిగుతుంది. ఎంతుందో బ్యాటరీ వైపుండే కంట్రోల్ ఐసీకి తెలిస్తేనే సరిచేస్తుంది. కానీ రెండు పక్కలకీ తీగ కలపకూడదు. అందుకే మధ్యలో ఆప్టోకప్లర్ పెడతారు. చాలావాటి మీద పీసీ817 అని రాసుంటుంది. లోపల ఒకపక్క చిన్న ఎల్ఈడీ, ఇంకోపక్క ఆ వెలుగు చూసే ట్రాన్సిస్టర్. వోల్టేజీ పెరిగితే ఎల్ఈడీ ఎక్కువ వెలుగుతుంది, ఐసీ తగ్గించేస్తుంది. కాలువ అవతలికి కేకేసినట్టే, మాట దాటుతుంది, మనిషి దాటడు.

ఏండ్లు గడిస్తే ఎల్ఈడీ మసకబారుతుంది. మరీ మసకైతే వోల్టేజీ అదుపు తప్పి పెరిగి సామాన్లు కాలుతాయి. కొన్ని రూపాయల పార్టే అది. అయినా రిపేరుకిస్తే "దొరకలేదు, తీగేసి కలిపేసినా" అనేవాళ్లున్నారు. ఒప్పుకోవద్దు. ఇన్వర్టర్ నడిచినా నడుస్తుంది, కానీ పెద్ద వోల్టేజీకి బ్యాటరీ దాకా దారి పడుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసేటప్పుడు తడిచేతికి టెర్మినల్ తగిలితే షాక్ కొట్టొచ్చు.

మూత మాత్రం మీరు విప్పొద్దు. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో ఆ 300 వోల్టులు కాసేపు నిలిచే ఉంటాయి.