ట్రాక్టరు వెనుక ట్రాలీని పూన్చు విధము



ఎడ్లబండిని పూన్చి తోలిన పెద్దలకు బరువు నిలుపుటను గూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. అయినను నేడు మీ యిండ్లలో ట్రాక్టరు నడుపువారు మీ కుమారులు, మనుమలు. వారిలో బండి తోలిన వా రరుదు. బండి విషయమున మీ రెరిగిన న్యాయము ట్రాలీకిని చాలవరకు వర్తించును. ఒక్కచోట మాత్రము వర్తింపదు. అపాయ మచ్చటనే యున్నది. ఆ సంగతి తెలిసినచో పిల్లలకు మీరు కారణము చూపి మందలింప గలరని యీ ప్రసంగమునకు బూనుకొంటిని.

బండిలో వడ్ల బస్తాలు పేర్చునపుడు ఇరుసునకు ముందువైపు కొంచెము మొగ్గునట్లు సర్దుదురు గదా! ముందు బరువు మితిమీరినచో ఎడ్ల మెడలు కమలును. వెనుక బరువైనచో కాడి పైకి లేచి, పలుపులు ఎడ్ల గొంతుకలను బిగించును. రెండు చక్రముల ట్రాలీయు నిట్టి బండియే. దాని ముందుకొన ట్రాక్టరు కొక్కెముపై కొంత వాలి యుండవలెను. ఇనుప చువ్వలనో, సరుగుడు వాసములనో వెనుకకు వ్రేలాడునట్లు వేసినచో, ముందుకొన కొక్కెమును పైకెత్తజూచును. ట్రాక్టరు పెద్దచక్రములకు నేలపట్టు సన్నగిల్లును. ముందే కుప్పపోసినచో ట్రాక్టరు వెనుక క్రుంగి, చిన్నచక్రములు తేలికయగును. అప్పుడు స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు.

అమెరికా దేశమున సెలవు దినములలో కారు వెనుక చిన్న యింటిబండిని తగిలించుకొని విహరించువారు కలరు. మన తెలుగువారును అచ్చట నట్లు చేయుచుందురు. వారు ఆ బండి మొత్తపు బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు కొక్కెముపై బడునట్లు సామాను సర్దుకొందురు. అది తగ్గినచో, వేగముగా బోవునపుడు వెనుకబండి పాముతోకవలె ఇటునటు కొట్టుకొనును. మన ట్రాలీల కొలతలు వేరైనను న్యాయ మదియే.

ఇక సంధిస్థానమును జూతము. నేను వ్యాకరణము చెప్పి బ్రతికినవాడను. పద్యములో సంధి తప్పినచో నవ్వులతో పోవును. ఇచ్చట తప్పినచో ప్రాణము పోవును. ట్రాలీని కొక్కెమునకు గలుపు పిన్ను ఆ రంధ్రమునకు సరిపడినదై యుండవలెను. అది పోయినదని చేతికందిన పాతబోల్టునో, కమ్మీముక్కనో గ్రుచ్చి పంపుట మన యూళ్లలో సామాన్యము. సన్నని కమ్మీ రంధ్రములో కొట్టుకొని కొట్టుకొని యరిగి, గతుకులలో విరుగును. పిన్నును పైనుండి దించి, దాని క్రిందికొనకు క్లిప్పు వేయవలెను. చక్రమునకు కడచీల యెట్టిదో, పిన్నునకు క్లిప్పు అట్టిది. దీనికి తోడు గట్టి గొలుసులు రెండు ట్రాలీకిని ట్రాక్టరునకును నడుమ ఒకదానిపై నొకటి అడ్డముగా బోవునట్లు తగిలింపవలెను. పిన్ను విరిగినను ముందుకొన నేల గ్రుచ్చుకొనక ఆ గొలుసులమీద నాగును.

తగిలించు ఎత్తు మరియొక ముఖ్యాంశము. ట్రాలీని క్రింది కొక్కెమునకే తగిలింపవలెను. బురదలో దిగబడినదని గొలుసును ట్రాక్టరు ఇరుసుకంటె ఎత్తుననున్న కడ్డీకి గట్టి లాగించినచో, ముందుచక్రములు గాలిలోనికి లేచి, ట్రాక్టరు వెల్లకిలగా నడుపువానిపై బడును. రెప్పపాటులో జరుగు పని యది. దుముకుటకు వ్యవధి యుండదు.

పూన్చునపుడు ట్రాలీ చక్రములకు రాళ్లు పెట్టవలెను. ట్రాక్టరు వెనుకకు వచ్చుచుండగా పిన్ను పట్టుకొని నడుమ నిలువరాదు. ప్రక్కన నిలిచి, ట్రాక్టరు పూర్తిగా ఆగిన పిమ్మటనే నడుమకు బోవలెను.

ఇప్పుడు బండిన్యాయము వర్తింపని చోటు. పల్లమున ఎడ్లు తామే వెనుకకు త్రొక్కి బండి నాపును. ట్రాక్టరున కా తెలివి లేదు, మన ట్రాలీలలో అనేకములకు బ్రేకులు లేవు. లెక్క చూడుడు. ట్రాక్టరు 2 టన్నులు, ఖాళీ ట్రాలీ టన్నున్నర, 75 కిలోల బస్తాలు 60 వేసిన నాలుగున్నర టన్నులు; వెరసి 8 టన్నులు. ఒంటరి ట్రాక్టరు 10 మీటర్లలో ఆగుననుకొన్నచో, అదే బ్రేకుబలముతో ఈ మొత్తమునకు సుమారు 40 మీటర్లు కావలెను. వేగము రెట్టింపైనచో దూరము రెట్టింపగునని పిల్లవాడనుకొనును. కాదు, నాలుగు రెట్లగును. 40 మీటర్లు 160 అగును. నడుమ గట్టిగా బ్రేకు త్రొక్కినచో, వెనుకనున్న ఆరు టన్నులు ట్రాక్టరును ప్రక్కకు మడిచి త్రోయును. కావున పల్లము రాకమునుపే చిన్నగేరు వేసికొని మెల్లగా దిగవలెను. డీజిలు కలిసివచ్చునని న్యూట్రలులో వదలుట మహాపరాధము. పొలములో మలుపు త్రిప్పుటకై విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కక మునుపే కలిపి గొళ్లెము వేయవలెను. లేనియెడల ఒక్క ప్రక్క చక్రమే యాగి ట్రాక్టరు గిరుక్కున తిరుగును.

ఇట్టి బండిలో మనుష్యులను ఎక్కించి కాలువగట్టుపై పంపుచున్నాము. 2018వ సంవత్సరము జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ సమీపమున కూలికి బోవుచున్నవారి ట్రాక్టరు ట్రాలీతో సహా మూసీకాలువలో బడి 15 మంది మరణించిరి. వారిలో అత్యధికులు స్త్రీలు. 2022వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన కాన్పూరు సమీపమున ఘాటంపూరు వద్ద యాత్రికుల ట్రాలీ చెరువులో బోర్లపడగా ఇరువదిమందికి పైగా పోయిరి. ట్రాలీ సరకునకు ఏర్పడినది. మనుష్యుల నెక్కించుటకు చట్టమును సమ్మతింపదు. ఆటో కిరాయి కొంత యెక్కువైనను, నాట్లకు, కోతలకు మనుష్యులను పిలిపించు ఇంటి పెద్ద ఆ కిరాయి నిచ్చుట న్యాయము. ట్రాక్టరునకు ట్రాలీకి నడుమ కడ్డీపై కూర్చుండి పోవు కుఱ్ఱవానిని మాత్రము చూచినచోటనే దింపుడు.

రాత్రి ప్రయాణమునకు ట్రాలీ వెనుక రెండు మూలల ఎఱ్ఱ రిఫ్లెక్టరు బిళ్లలు, వెలుగుచున్న దీపమును ఉండవలెను. చెరకుగడలు, గడ్డి వెనుకకు వ్రేలాడి వానిని కప్పివేయునేమో బయలుదేరుటకు ముందు ఒకరు వెనుకకు బోయి చూడవలెను.