తారురోడ్డు నెర్రెలిచ్చేది చలికేనా?

పత్తి ట్రాక్టరు యార్డుకు బయల్దేరే రోజుల్లోనే రేగడి ఊళ్ల తారురోడ్లు అంచుల వెంట చీలుతుంటాయి. చలికి తారు పగిలిందని చాలామంది అనుకుంటారు. ఆ మాట కెనడా లాంటి దేశాల్లో నిజమే. అక్కడ చలి మైనస్ 30 డిగ్రీలకు కూడా దిగుతుంది. తారు బిగుసుకుని, కుదించుకుపోయి రోడ్డుకు అడ్డంగా చీలుతుంది. మన దగ్గర అంత చలి లేదు.

మీ ఊరి రోడ్డు చూడండి. చీలికలు అంచుకు దగ్గరగా, నిలువునా సాగుతుంటే తప్పు నేలది. నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. చేలో జరిగేదే రోడ్డు కిందా జరుగుతుంది. తారు కప్పిన నడిమి భాగంలో తేమ నిలుస్తుంది. అంచులు ముందుగా ఆరి కుంగుతాయి. పైనున్న తారు చీలుతుంది. తొలకరికి ఆ సందుల్లో నీరు దిగి పునాది మెత్తబడుతుంది. బరువు బండి నాలుగుసార్లు తిరిగితే చీలిక కాస్తా గుంత అవుతుంది. కిరాయి పెరిగేది, టైరు పోయేది మనకే. రాత్రివేళ కాన్పు కేసు తీసుకెళ్లాలన్నా ఆ రోడ్డే గతి.

రైతులు ఏం చేయాలి?

* రోడ్డు మార్జిన్‌ను చేలో కలుపుకొని దున్నవద్దు. అంచుకు ఆసరా అదే.
* పక్క కాలువ పూడ్చవద్దు. చేలోకి దారి కావాలంటే తూము వేసి పైన మట్టి పోయండి.
* బోరు పైపు కోసం అనుమతి లేకుండా రోడ్డు కోయవద్దు.
* దమ్ము చక్రాలతో ట్రాక్టరును తారు మీద నడపవద్దు. రోడ్డు మీద గడ్డి కాల్చవద్దు.
* చీలికలు కనిపించగానే సర్పంచి ద్వారా ఇంజినీరుకు అర్జీ ఇవ్వండి. వానలకు ముందే తారు, ఇసుకతో పూడిస్తే తక్కువలో పోతుంది.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైంది. ఈ పథకం కింద వేసిన రోడ్డును పని పూర్తయ్యాక 5 ఏళ్లు కాంట్రాక్టరే బాగుచేయాలి. మీ రోడ్డు ఏ పథకం కిందిదో, పని ఎప్పుడు ముగిసిందో పక్కనున్న బోర్డు చూసి అర్జీలో రాయండి.

కొత్త రోడ్డు పడుతుంటే పునాది దగ్గరే నిలబడి అడగండి: రేగడి మీద మొరం ఎంత మందం పోస్తున్నారు? మట్టిలో సున్నం కలుపుతున్నారా? నీరు పోయే దారేది? తారు పడ్డాక అడిగితే కింద ఏముందో కనపడదు.