ఒక్క చిరునామా – పెక్కు యంత్రములు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల రైతులు కూరగాయలను, పూవులను పండించి హైదరాబాదు నగరమునకు పంపుచుందురు. తెల్లవాఱక మున్నే గుడిమల్కాపురపు పూల అంగడిలో ధర యెట్లున్నదో తెలిసికొనుట వారికి నిత్యావసరము. కావుననే నేడు మన పల్లె యిండ్లలో గూడ ఇంటర్నెట్టు తీగ ప్రవేశించినది. ఇంటికి కనెక్షను ఒక్కటే, నెలకు రుసుము ఒక్కటే. కాని దానిమీద యజమాని ఫోను, పిల్లల కంప్యూటరు, పాలీహౌసులోని కెమెరా, బోరుబావి మోటారు స్టార్టరు ఏకకాలమున పనిచేయుచుండును. ఒకరికి రావలసిన సమాచారము మఱియొకరికి పోదు. ఇది యెట్లు సాధ్యమగుచున్నది?

ఈ ప్రశ్న కేవలము కుతూహలము తీర్చుకొనుటకు గాదు. వేలకొలది రూపాయలు పెట్టి కెమెరాను, స్టార్టరును కొనిన పిమ్మట అవి పొరుగూరినుండి పలుకకపోయిన నష్టపడువాడు రైతే. కనుక దీని మర్మమును సభ్యులెల్లరు గ్రహించుట మేలు.

చిరునామాల కఱవు

ఇంటర్నెట్టులో నొక యంత్రము మఱియొక యంత్రముతో మాటలాడవలెనన్న ప్రతిదానికిని సంఖ్యారూపమైన చిరునామా యుండవలెను. 1981 సెప్టెంబరులో ప్రకటింపబడిన నిబంధన ప్రకారము ఇట్టి చిరునామాలు మొత్తము సుమారు 429 కోట్లు మాత్రమే. నాడు కంప్యూటర్లు విద్యాలయములలోను, పెద్ద కార్యాలయములలోను ఎక్కువగా నుండెడివి. అందుచే నది తఱగని నిధివలె దోచెను. నేడు ప్రపంచ జనసంఖ్య 800 కోట్లు దాటినది. మన దేశములో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15 నాడు విదేశ్ సంచార్ నిగమ్ వారి మూలమున లభించెను. అప్పటికే చిరునామాలు చాలవను చింత ప్రపంచమున మొదలైనది. ప్రపంచపు ఉమ్మడి గాదెలోని కడపటి భాగములు 2011 ఫిబ్రవరి 3 నాడు ఖండములవారీ సంస్థలకు పంచివేయబడెను.

ఈ కఱవును ముందుగా నూహించి, కె. ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అను నిరువురు 1994 మే నెలలో నొక యుపాయమును ప్రకటించిరి. దాని పేరు నెట్‌వర్క్ అడ్రెస్ ట్రాన్స్‌లేషన్. పొట్టిగా "నాట్" అందురు. మన వరినాట్లతో దీనికి సంబంధమేమియు లేదు. చిరునామాను మార్చి వ్రాయుట యని దీని భావము.

సర్వే నెంబరు వంటి సంఖ్య

ఇంటిలోపల మాత్రమే చెల్లునట్టి చిరునామాలు కొన్ని 1996 ఫిబ్రవరిలో ప్రత్యేకింపబడెను. 192.168 తో మొదలగునవి 65,536, 10 తో మొదలగునవి 1,67,77,216, ఇవిగాక 172.16 మొదలు 172.31 వఱకు గలవి 10,48,576. వీనిని ఎవరి యనుమతియు లేకుండ ఎవరైనను వాడుకొనవచ్చును. చేవెళ్లలో నొక యింటి ఫోనునకు 192.168.1.5 అను సంఖ్య యుండగా, మొయినాబాదులో నొక యింటి కెమెరాకును అదే సంఖ్య యుండవచ్చును. తగవు రాదు. సర్వే నెంబరు 45 రెండు గ్రామములలోను ఉండవచ్చును గదా! ఊరిపేరు చెప్పనిదే అది యేభూమియో తెలియదు. అట్లే ఈ లోపలి సంఖ్యలు గడప దాటి చెల్లవు. గడప దాటిన పిమ్మట ఇంటికంతకు నొక్కటే బయటి చిరునామా.

గుమాస్తా పుస్తకము

మన సంఘపు కార్యాలయమునే యుదాహరణముగా దీసికొందము. ఇరువురు సభ్యులు ఒకేదినమున ఒకే విత్తనాల కంపెనీకి ఉత్తరములు వ్రాసిరనుకొనుడు. గుమాస్తా వారి పేరులకు బదులు సంఘపు చిరునామాను వ్రాసి, ఒకదానిపై 101 అనియు, రెండవదానిపై 102 అనియు నెంబరు వేసి పంపును. ఏ నెంబరు ఎవరిదో పుస్తకమున వ్రాసికొనును. కంపెనీవారు "మీ 102 నెంబరు ఉత్తరమునకు జవాబు" అని వ్రాయుదురు. గుమాస్తా పుస్తకము చూచి దానిని తగిన సభ్యునికి అందజేయును. కంపెనీవారికి ఆ సభ్యుని యిల్లు ఎచ్చటనో తెలియనక్కఱలేదు.

మన యింటి గోడకు తగిలించిన రౌటరు అను పెట్టెయే ఈ గుమాస్తా. ఫోను ధర యడిగినను, కంప్యూటరు పాఠము కోరినను, అది లోపలి చిరునామాను కొట్టివేసి బయటి చిరునామాను వేసి, పోర్టు అను నెంబరును జతచేసి పంపును. జవాబు వచ్చినంతనే పుస్తకమును జూచి మరల లోపలి చిరునామాను వ్రాసి యందజేయును. ఇదంతయు ఱెప్పపాటులో జరుగును. ఈ నెంబర్లు మొత్తము 65,536. కొంతసేపు ఉత్తర ప్రత్యుత్తరములు లేకపోయిన ఆ పద్దును పెట్టె కొట్టివేసి, ఆ నెంబరును మఱియొకరికి వాడును.

ఇచ్చట నొక మాట గుర్తుంచుకొనవలెను. నాట్ చిరునామాను పంచునే గాని వేగమును పెంచదు. ఒక బోరు నీటిని నాలుగు మళ్లకు పాఱించిన నీరు నాలుగింతలు గాదు. ఇంటిలో నొకరు సినిమా చూచుచుండగా మఱియొకరి పని మందగించుట ఇందువలననే.

బయటినుండి వచ్చిన ఉత్తరము

నెంబరు లేని ఉత్తరము సంఘమునకు వచ్చిన గుమాస్తా యేమి చేయును? ఎవరికియ్యవలెనో తెలియక ప్రక్కన బెట్టును. పెట్టెయు నంతే. లోపలినుండి ముందుగా అడుగనిదే బయటినుండి వచ్చినదానిని లోనికి విడువదు. ఇది కొంత రక్షణయే. కాని పొలములోని కెమెరాను నగరమునుండి చూడగోరు రైతునకు ఇదియే యాటంకము.

దీనికి రెండు మార్గములు గలవు. మొదటిది, "ఈ నెంబరుపై వచ్చినదెల్ల కెమెరాకిమ్ము" అని పెట్టెకు శాశ్వతమైన ఉత్తరువిచ్చుట. దీనిని పోర్టు ఫార్వర్డింగు అందురు. రెండవది నేడు హెచ్చుగా వాడుకలోనున్నది: కెమెరాయే ముందుగా కంపెనీవారి కంప్యూటరుతో మాట కలిపి దానిని తెగనీయక యుంచును, మన ఫోనును అచ్చటికే పోయి దానిని కలిసికొనును. ఇది సులభమే. అయినను ఆ కంపెనీ కంప్యూటరు ఆగిపోయిననాడు మన వస్తువు దూరమునుండి పలుకదు.

మొదటి మార్గమున నింకొక చిక్కు గలదు. చిరునామాలు చాలక కొందఱు కనెక్షను వ్యాపారులు తామును ఇట్టి పుస్తకమునే యుంచి, పెక్కు యిండ్లను ఒక్క బయటి చిరునామాతో నడుపుదురు. మన సంఘపు ఉత్తరములను జిల్లా కార్యాలయమువారు మరల తమ నెంబరు వేసి పంపినట్లే యిది. ఇందులకై 2012 ఏప్రిలులో 100.64 మొదలు 100.127 వఱకు గల చిరునామాలు కేటాయింపబడెను. మీ పెట్టెలో చూపబడు బయటి చిరునామా ఈ వరుసలోనిదైనచో, మన గుమాస్తాకిచ్చిన ఉత్తరువు పైగుమాస్తాకు తెలియదు. పోర్టు ఫార్వర్డింగు ఫలింపదు.

శాశ్వతమైన పరిష్కారము ఐపీవీ6 అను క్రొత్త చిరునామా పద్ధతి. అందు ప్రతి యంత్రమునకును ప్రత్యేకమైన చిరునామా నియ్యవచ్చును. మన దేశపు మొబైలు ఫోన్లలో నిది యిప్పటికే విరివిగా వాడుకలో నున్నది. పాత పద్ధతి పూర్తిగా తొలగువఱకు గుమాస్తా పుస్తకము తప్పదు.

సభ్యులు పాటింపవలసినవి

ఒకటి: కెమెరాగాని స్టార్టరుగాని కొనుటకు మున్ను, "ఇది మీ కంపెనీ కంప్యూటరు లేకుండ పనిచేయునా? నా కనెక్షనునకు ప్రత్యేకమైన బయటి చిరునామా కావలెనా?" అని వ్యాపారిని అడుగుడు. కావలెనన్న దాని యదనపు రుసుమును ముందే తెలిసికొనుడు.

రెండు: వస్తువుతో వచ్చిన రహస్యపదమును మొదటి దినముననే మార్చుడు. 2016 లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము, రహస్యపదము మార్చని కెమెరాలను లక్షలకొలది వశపఱచుకొనెను. ఆ యేడు అక్టోబరు 21 నాడు వానిమూలమున అమెరికాలో ప్రసిద్ధ సంస్థల సేవలు స్తంభించెను. నాట్ తలుపు చాటు మాత్రమే, తాళము గాదు.

మూడు: మీ కనెక్షనును అపరిచితులకు ఇయ్యకుడు. బయటివారికి ఇంటిలోని యంత్రములన్నియు నొక్క చిరునామాగానే కానవచ్చును. ఒకరు చేసిన తప్పునకు విచారణ చందాదారుని గడపకే వచ్చును.

నాలుగు, అన్నింటికంటె ముఖ్యము: దూరమునుండి నడుచు మోటారును తాకుటకు మున్ను మెయిను స్విచ్చి తీసి, ఫ్యూజు పెఱికి చేత బట్టుకొనుడు. "ఆపితిని" అని ఫోను చూపినంతమాత్రమున నమ్మరాదు. మీరు తీగ పట్టుకొనియున్న సమయముననే ఇంటివద్దనున్న పిల్లవాడు తెలియక మీట నొక్కవచ్చును.

ఒక్క చిరునామాను పదిమంది వాడుకొని, ఎవరి జవాబు వారికి చేరుట సహకారమునకు దగిన రీతియే. అయితే సహకారమున లెక్క శుద్ధముగా నుండవలెనని మన మెఱుగుదుము. గోడమీది పెట్టె తన పద్దులను తప్పక వ్రాసికొనుచున్నది. దాని తాళపుచెవి ఎవరి చేతనున్నదో చూచుకొనుట మన పని.