నలుపు లేని నీడ

ఖైరతాబాద్‌లో ఆఫ్‌సెట్ ప్రెస్సులో రంగులు సరిచూడడం నా పని. క్యాలెండర్ల సీజన్‌లో భూతద్దం కంటికి అతుక్కునే ఉంటుంది. దాని కింద ఏ బొమ్మైనా చుక్కలే: నీలం, గులాబీ, పసుపు, నలుపు. మా నాలుగు ఇంకుల్లో ఆకుపచ్చ లేదు. నీలం, పసుపు చుక్కలు కలిసి పడితే వరిచేను పచ్చగా కనిపిస్తుంది. మిగతా పని చూసేవాడి కన్ను చేసిపెడుతుంది.

ఇదే పని కుంచెతో చేసినవాళ్ళున్నారు. 1880ల్లో పారిస్‌లో జార్జ్ సోరా, పాల్ సిన్యాక్ మొదలుపెట్టారు. 1886లో ఫెలిక్స్ ఫెనియోఁ అనే విమర్శకుడు దానికి నియో ఇంప్రెషనిజం అని పేరుపెట్టాడు. అప్పటికే పేరున్న చిత్రకారుడు కమీల్ పిస్సారో యాభై అయిదేళ్ళ వయసులో, కొడుకుల ఈడు కుర్రాళ్ళ దగ్గర ఆ పద్ధతి నేర్చుకున్నాడు. నామోషీ అనుకోలేదు.

ఎరాన్యీ అనే తన పల్లెలో 1888లో ఆయన వేసిన యాపిల్ కోత చూడండి. రెండడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల లోపు వెడల్పు. ఒకతను గెడకర్రతో కాయలు రాలుస్తుంటే ఆడవాళ్ళు వంగి ఏరుతున్నారు. చెట్టు కింద పెద్ద గుండ్రటి నీడ. మాకు నీడంటే నల్ల ప్లేటు బరువు పెంచడమే. ఈ నీడ మాత్రం నీలం, ఊదా, గులాబీ, మధ్య మధ్య నారింజ. అయినా ఎండ మండిపోతున్నట్టుంది.

దీని వెనక ఒక అద్దకం గొడవ ఉంది. పారిస్ గోబెలిన్ నేతశాలలో నల్ల నూలు వెలవెలబోతోందని ఫిర్యాదు వచ్చింది. అద్దకాల అధికారి షెవ్రల్ పరీక్షించి, తప్పు అద్దకానిది కాదు, పక్కనున్న రంగులదని తేల్చాడు. ఆ సంగతి మీద ఆయన పుస్తకం 1839లో వచ్చింది. నీలం పక్కన నారింజ పెడితే రెండూ రెచ్చిపోతాయి. పిస్సారో నీడలో జరిగింది అదే.

పల్లె పనుల బొమ్మలు మనకూ ఉన్నాయి. మన సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య గారు (1925–2012) పల్లె శ్రమజీవులను నకాశీ పటాల గీతలో నిలబెట్టారు. పిస్సారోలో ఆ గీతే లేదు. మనిషి, గడ్డి, చెట్టు అన్నీ ఒకే చుక్కల సరుకు.

నాకో ఫిర్యాదు ఉంది. పిస్సారోనే 1889లో పరిగె ఏరే ఆడవాళ్ళనూ వేశాడు. మా అమ్మ పరిగె ఏరిన మనిషే. ఆ నడుంనొప్పి ఈ బొమ్మల్లో కానరాదు. పిస్సారో అరాచకవాది, యజమానులు లేని లోకం కోరుకున్నవాడు. అందుకేనేమో యాపిల్ తోటలో అజమాయిషీ చేసే ఆసామి లేడు, అలసటా లేదు.

చుక్కల పని ఆయన్ను మాత్రం అలసగొట్టింది. ఒక్కో బొమ్మకు చాలాకాలం పట్టేది, కొనేవాళ్ళు తక్కువ. కంటికి తోచింది తోచినట్టు వేయనివ్వట్లేదని 1890 ప్రాంతంలో వదిలేశాడు. వదిలేయడం సబబే. కానీ ఆ నీడ లాంటిది మళ్ళీ వేయలేదని నా అభిప్రాయం.

ఆ యాపిల్ కోత ఇప్పుడు డాలస్ ఆర్ట్ మ్యూజియం సొత్తు. అమీర్‌పేటలో కోర్సు చేసి డాలస్ చేరిన పిల్లలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. మ్యూజియంలోకి మామూలు ప్రవేశం ఉచితమే, ఒక ఆదివారం వెళ్ళి రమ్మనండి.