జయంతి కచేరీలో ఒపెరెట్టా: స్వరకర్తకు గౌరవం, గేయకర్తకు విస్మృతి (ఫ్రాంజ్ లెహార్ రచనల నేపథ్యం)

వ్యాససంగ్రహం:
ఒపెరెట్టా సంభాషణ, గేయం, సంగీతం, నృత్యం కలిసిన రంగస్థల ప్రక్రియ. స్వరకర్తల జయంతి, వర్ధంతి సందర్భాలలో ఈ రచనలను రంగాలంకరణ లేకుండా కచేరీగా వినిపించే పద్ధతి యూరప్‌లో ఉంది. ఈ రూపంలో సంగీతం నిలుస్తుంది. నాటకపాఠమూ, దానిని రాసినవారూ మరుగున పడే ప్రమాదం ఉంది. ఫ్రాంజ్ లెహార్ రచనల ఆధారంగా ఈ సమస్యను వివరించడం, తెలుగు పద్యనాటక అనుభవంతో సరిపోల్చడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: ఒపెరెట్టా, లెహార్, కచేరీ ప్రదర్శన, నాటకపాఠం, లోనర్-బేడా, పద్యనాటకం.

1. ఉపోద్ఘాతం:
ఒపెరా ప్రధానంగా గానమయం. ఒపెరెట్టాలో గానంతోపాటు వచన సంభాషణలకూ సమాన ప్రాధాన్యం ఉంటుంది. హాస్యం, వ్యంగ్యం, ప్రణయం దీనికి ముఖ్య ద్రవ్యాలు. 19వ శతాబ్దంలో పారిస్‌లో ఆఫెన్‌బాక్, వియన్నాలో రెండవ యోహాన్ స్ట్రాస్ ఈ ప్రక్రియను ప్రతిష్ఠించారు. 20వ శతాబ్దంలో దానికి కొత్త జీవం పోసినవారిలో ఫ్రాంజ్ లెహార్ అగ్రగణ్యుడు. ఆయన 1870 ఏప్రిల్ 30న నాటి ఆస్ట్రియా-హంగరీలోని కొమారోమ్‌లో జన్మించాడు. 1948 అక్టోబర్ 24న ఆస్ట్రియాలోని బాడ్ ఇష్ల్‌లో మరణించాడు. 2020 ఆయన 150వ జయంతి సంవత్సరం. బాడ్ ఇష్ల్‌లో ఆయన నివసించిన భవనం నేడు మ్యూజియంగా ఉంది. అదే పట్టణంలో ఆయన పేరుతో వేసవి సంగీతోత్సవం జరుగుతుంది. అందులో పూర్తిస్థాయి ప్రదర్శనలతోపాటు కచేరీ రూప ప్రదర్శనలకూ చోటు ఉంది.

2. కచేరీ ప్రదర్శన - స్వరూపం:
కచేరీ ప్రదర్శనలో వాద్యబృందం వేదికపైనే ఉంటుంది. గాయకులు ముందు నిలబడి పాడతారు. తెరలు, వేషధారణ, నృత్యం ఉండవు, లేదా నామమాత్రంగా ఉంటాయి. సంభాషణలను తొలగిస్తారు, లేదా ఒక వ్యాఖ్యాత కథాసంధిని చెబుతాడు. ఈ పద్ధతికి తగిన కారణాలు ఉన్నాయి. ఖర్చు తక్కువ, సాధనకాలం తక్కువ. అరుదుగా రంగస్థలమెక్కే రచనలను వినే అవకాశం దీనివల్లనే కలుగుతుంది. రంగస్థలంపై నటన, అలంకరణల మధ్య గమనించలేని వాద్యసంయోజన ఇక్కడ స్పష్టంగా వినిపిస్తుంది. లెహార్ వాద్యసంయోజనలో నిపుణుడు కాబట్టి ఆయన విషయంలో ఈ ప్రయోజనం మరింత ఎక్కువ.

అయితే దీనికొక మూల్యం ఉంది. లెహార్ రచించిన 'చిరునవ్వుల దేశం' 1929 అక్టోబర్ 10న బెర్లిన్‌లో ప్రదర్శితమైంది. చైనా రాకుమారుడికీ వియన్నా యువతికీ మధ్య ప్రేమ ఇందులోని ఇతివృత్తం. వంశాచారం ప్రకారం మరికొందరు స్త్రీలను వివాహమాడవలసిన పరిస్థితి అతనికి ఎదురవుతుంది. దుఃఖాన్ని చిరునవ్వు వెనుక దాచుకోవడం అతడు నేర్చిన మర్యాద. శీర్షికలోని అర్థం అదే. రెండవ అంకంలో అతడు పాడే ప్రేమగీతం రిచర్డ్ టౌబర్ గళంలో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. నాటకంలో ఆ పాట చుట్టూ విషాదం అలముకొని ఉంటుంది. కచేరీలో విడిగా పాడినప్పుడు అది కేవలం ప్రణయగీతంగా మిగులుతుంది. సందర్భం పోవడంతో సగం అర్థం పోతుంది.

3. మరుగున పడిన పేర్లు:
సందర్భంతోపాటు కర్తృత్వమూ మరుగున పడుతుంది. లెహార్ కీర్తికి మూలమైన 'మెర్రీ విడో' 1905 డిసెంబర్ 30న వియన్నాలోని థియేటర్ ఆన్ డేర్ వీన్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. దాని పాఠకర్తలు విక్టర్ లియోన్, లియో స్టైన్. తొలి కథానాయకుడు లుయీ ట్రాయ్‌మన్. ముగ్గురూ యూదులు. 'చిరునవ్వుల దేశం' పాఠాన్ని విక్టర్ లియోన్ పూర్వరచన ఆధారంగా లుడ్విగ్ హెర్ట్సర్, ఫ్రిట్జ్ లోనర్-బేడా రూపొందించారు. 1934లో వియన్నా రాజ్య ఒపెరాలో ప్రదర్శితమైన 'జుడిట్టా' పాఠకర్తలలోనూ లోనర్-బేడా ఒకడు.

1938 మార్చిలో ఆస్ట్రియాను జర్మనీ ఆక్రమించిన వెంటనే లోనర్-బేడా అరెస్టయ్యాడు. అతడిని దాఖౌకూ, తరువాత బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికీ తరలించారు. శిబిర గీతానికి అక్కడ అతడు సాహిత్యం రాయగా, తోటి ఖైదీ హెర్మన్ లియోపోల్డి స్వరపరిచాడు. 1940 ఏప్రిల్‌లో లెహార్ సప్తతి వచ్చింది. ఆ సంవత్సరం హిట్లర్ ప్రభుత్వం ఆయనను గోథే పతకంతో సత్కరించింది. 'మెర్రీ విడో' హిట్లర్‌కు ప్రీతిపాత్రమైన రచన. ఆ సమయానికి లోనర్-బేడా బూఖెన్‌వాల్డ్‌లోనే ఉన్నాడు. విక్టర్ లియోన్ రెండు నెలల ముందే వియన్నాలో మరణించాడు. లోనర్-బేడా 1942 డిసెంబర్‌లో ఆష్విట్స్‌లో హతుడయ్యాడు. అతని భార్య, ఇద్దరు కుమార్తెలు ఆ సంవత్సరమే హత్యకు గురయ్యారు. ట్రాయ్‌మన్ 1943లో టెరెజియన్‌స్టాట్‌లో మరణించాడు. లెహార్ భార్య సోఫీ యూదు కుటుంబంలో పుట్టినదే. తన సహరచయిత కోసం లెహార్ ఎంతవరకు ప్రయత్నించాడనే విషయంలో పరిశోధకులకు ఏకాభిప్రాయం లేదు.

ఈ చరిత్ర వెలుగులో చూస్తే, సంగీతాన్ని ఆదరిస్తూ మాట రాసినవారిని తుడిచివేయడం ఒక రాజకీయ చర్యగా కూడా జరిగిందని గ్రహించవచ్చు. నేటి కచేరీలకు అటువంటి ఉద్దేశం లేదు. అయినా పాఠకర్తల ప్రస్తావన లేకుండా స్వరకర్తను మాత్రమే కీర్తించే కార్యక్రమం తెలియకుండానే ఆ విస్మృతిని కొనసాగిస్తుంది.

4. తెలుగు పద్యనాటకంతో పోలిక:
నాటకం నుంచి గేయభాగాన్ని విడదీసి వినడం తెలుగువారికి కొత్త కాదు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల పద్యాలను హార్మోనియం సహకారంతో సభలలో విడిగా పాడడం మనకు పరిచితమే. ఇక్కడ పరిస్థితి కొంత తారుమారు. కవి పేరు, నటుడి పేరు నిలిచాయి. పద్యానికి రాగవరుస కట్టినవారి పేర్లు చాలా సందర్భాలలో వినిపించవు.

కర్తృత్వం కలగాపులగమైన ఉదాహరణ కూడా మనకు ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో గుఱ్ఱం జాషువా 'శ్మశానవాటి' పద్యాలను చేర్చి పాడడం నటుల సంప్రదాయమైంది. కవి ఎవరో ప్రకటించని చోట శ్రోతలు వాటిని నాటకకర్త రచనగానే భావించే అవకాశం ఉంది. అస్పృశ్యతా వేదనను అనుభవించిన కవి పేరు ఆ పద్యాల నుంచి విడిపోవడం చిన్న లోపం కాదు. రెండు సందర్భాల చారిత్రక కారణాలు పూర్తిగా వేరు. ఆష్విట్స్‌ను మరొకదానితో తూచడం ఇక్కడి ఉద్దేశం కాదు. ప్రదర్శన రూపం కర్తృత్వాన్ని దాచగలదన్న సూత్రం మాత్రం రెండింటికీ సమానం.

5. ముగింపు:
కచేరీ ప్రదర్శన ఒపెరెట్టాకు ప్రత్యామ్నాయం కాదు. అది ఒక పఠన విధానం. సంగీతాన్ని సూక్ష్మంగా వినడానికి అది ఉపకరిస్తుంది. స్వరకర్తను గౌరవించే సభ సమగ్రం కావాలంటే మూడు అంశాలు అవసరం. మొదటిది, కరపత్రంలోనూ వేదికపైనా పాఠకర్తల పేర్లను, వారి జీవితరేఖలను తెలపడం. రెండవది, ప్రతి గేయానికి ముందు నాటక సందర్భాన్ని వ్యాఖ్యాత ద్వారా వివరించడం. మూడవది, భాష తెలియని శ్రోతలకు గేయార్థాన్ని అందించడం. మన కళాశాలల్లో జరిగే పద్యనాటక కార్యక్రమాలకూ ఇవి వర్తిస్తాయి. పద్యం పాడే ముందు కవి పేరు, సందర్భం చెప్పడానికి ఒక నిమిషం చాలు. లెహార్ రాగాన్ని విన్న శ్రోత లోనర్-బేడా పేరును కూడా ఇంటికి తీసుకువెళ్లినప్పుడే ఆ జయంతి సార్థకమవుతుంది.